ముదిరితే మెత్తబడుతుందా?

కరోనా కొత్త వేరియంట్ అని టీవీలో స్క్రోలింగ్ పడగానే తిరుపతి టీకొట్ల దగ్గర ఒక మాట వినిపిస్తుంది: "ఏం గాదులేన్నా, వచ్చేకొద్దీ దాని పవర్ తగ్గిపోతాది." ఒమిక్రాన్ చాలామందికి జలుబులా వచ్చి పోయాక ఈ నమ్మకం గట్టిపడింది. కానీ ఇది కరోనాతో పుట్టిన మాట కాదు. వందేళ్లు దాటింది. అసలు వైరస్ గురించి పుట్టిందే కాదు, పశువుల జ్వరం దగ్గర పుట్టింది.

19వ శతాబ్దం చివర్లో థియోబాల్డ్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త టెక్సాస్ ఫీవర్ మీద పనిచేశారు. గోమార్ల వల్ల పశువులకు అంటుకునే జ్వరం అది. అమెరికా దక్షిణాది పశువులు ఆ క్రిమిని ఒంట్లో పెట్టుకునే మామూలుగా మేసేవి. ఉత్తరాది పశువులకు సోకితే చచ్చిపోయేవి. పాత కాపురంలో సర్దుబాటు ఉంది, కొత్త కాపురంలోనే గొడవ అన్నట్టు సాగింది ఆయన ఆలోచన. రోగం పాతబడేకొద్దీ మెత్తబడుతుందనే సూత్రం అలా ప్రచారంలోకి వచ్చింది.

1950లో ఆస్ట్రేలియాలో కుందేళ్ల బెడద తగ్గించడానికి మిక్సోమా వైరస్‌ను వదిలారు. మొదట్లో సోకిన వందలో 99కి పైగా చచ్చాయి. కొన్నేళ్లకే తీవ్రత తగ్గిన రకాలు పైకొచ్చాయి. "చూశారా, స్మిత్ చెప్పింది నిజమే" అనుకున్నారు. అయితే వైరస్ శాస్త్రవేత్త ఫ్రాంక్ ఫెనర్ బృందం తూచి చూస్తే గెలిచింది మరీ మెత్తని రకం కాదు, మధ్యరకం. కుందేలు తొందరగా చస్తే దోమ కుట్టి వైరస్‌ను మోసుకెళ్లే గడువుండదు. తొందరగా కోలుకున్నా అంతే. ఆ మధ్యరకం కూడా సగానికి పైగా కుందేళ్లను చంపేది! పైగా కుందేళ్లకు తట్టుకునే శక్తి పెరిగాక వైరస్ మళ్లీ పదునెక్కింది. వైరస్‌కు కావాల్సింది వ్యాప్తి. మనిషి బతికాడా పోయాడా అన్నది దాని లెక్కలో లేదు.

చిత్తూరు వైపు కోళ్లఫారాలు నడిపేవాళ్లకు మారెక్స్ అనే కోళ్ల వైరస్ జబ్బు తెలుసు. 1907లో హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ దాన్ని మొదట వివరించినప్పుడు అది కాళ్లు పడిపోయే జబ్బు. ఇప్పుడు దాని ఘాటైన రకాలు టీకా పడని కోళ్లను పది రోజుల్లో చంపగలవు. 1970 ప్రాంతంలో వచ్చిన టీకా కోడిని కాపాడుతుంది కానీ వైరస్ ఒకదాని నుంచి ఇంకోదానికి పాకడాన్ని ఆపదు. దాంతో కోడితో పాటే అంతమైపోవాల్సిన ఘాటు రకాలకూ బతుకు దొరుకుతుందని 2015లో ప్రయోగాలు చూపించాయి. (దీన్ని పట్టుకుని టీకాలే వద్దనేవాళ్లున్నారు. మశూచి, తట్టు, పోలియో టీకాలతో అలా జరగలేదు.)

మశూచి సంగతే తీసుకోండి. మన పెద్దవాళ్లు దాని పేరెత్తకుండా "అమ్మవారు పోసింది" అనేవాళ్లు, గంగమ్మకు మొక్కుకునేవాళ్లు. తరతరాలుగా మనిషితో కాపురం చేసినా దాని పెద్ద రకం చివరిదాకా సోకిన పది మందిలో సుమారు ముగ్గుర్ని తీసుకుపోయింది. తేలికరకం ఒకటి ఉన్నా మన దగ్గర అది దీని చోటు ఆక్రమించలేదు. మన దేశంలో 1975లో దాన్ని ఆపింది టీకా, దాని వయసు కాదు.

ఇక కరోనా. వూహాన్ రకం కన్నా ఆల్ఫా, దానికన్నా డెల్టా వేగంగా పాకాయి, తీవ్రంగానూ ఉన్నాయి. 2021 మేలో ఇక్కడ ఆక్సిజన్ బెడ్ కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగినవాళ్లకు అది ఎవరూ చెప్పక్కర్లేదు. కరోనా ఎక్కువగా అంటుకునేది లక్షణాలు కనపడే ముందు, ఆ తర్వాత నాలుగైదు రోజులు. ప్రాణం పోయేది రెండు మూడు వారాలకు. అప్పటికి వైరస్ పని అయిపోయి ఉంటుంది. రోగి పోయినా దానికి నష్టం లేదు కాబట్టి మెత్తబడాల్సిన అవసరమూ లేదు.

2021 నవంబరులో ఒమిక్రాన్ బయటపడింది. ఊపిరితిత్తుల లోపలికన్నా పైన శ్వాసనాళాల్లో ఎక్కువ పెరగడం వల్ల డెల్టా కన్నా కొంత తేలికే. కానీ అప్పటికి మనలో చాలామందికి టీకా పడింది, లేదా ఒకసారి సోకి తగ్గింది. 2022 మొదట్లో హాంకాంగ్‌లో టీకా వేసుకోని వృద్ధుల్లోకి ఇదే ఒమిక్రాన్ వెళ్లినప్పుడు మరణాలు భారీగా నమోదయ్యాయి.

ఇంకో సంగతి, ఒమిక్రాన్ డెల్టా కడుపున పుట్టలేదు. పాత చెట్టుకే ఇంకో కొమ్మ నుంచి వచ్చింది. ఆ తర్వాత చుట్టుముట్టినవన్నీ ఒమిక్రాన్ సంతతే అయినా, రాబోయేది ఆ ఇంటి నుంచే రావాలని లేదు.