ప్యారానగర్ భయం వెనుక జవహర్‌నగర్ పదేళ్లు

ప్యారానగర్ మళ్లీ వార్తల్లోకి వచ్చింది. సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలో, నల్లవల్లి పక్కన, సుమారు 150 ఎకరాల్లో హైదరాబాద్ చెత్త కోసం తలపెట్టిన కేంద్రాన్ని అక్కడి ఊళ్లు వద్దంటున్నాయి. 2025 ఫిబ్రవరిలో పోలీసు బందోబస్తు మధ్య పనులు మొదలవడం, అరెస్టులు, బంద్‌లు, రిలే దీక్షలు, వ్యవహారం హైకోర్టుకెక్కడం పాఠకులకు గుర్తున్న సంగతులే. వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ ఊళ్లవాళ్ల నోట మాటిమాటికీ వచ్చే పేరు జవహర్‌నగర్, హైదరాబాద్ చెత్త గుట్టగా పోగుపడిన డంపింగ్ యార్డు. అక్కడ 2000ల తొలి పదేళ్లలో జరిగిందేమిటో తెలిస్తే ఈ మొండిపట్టు ఎందుకో తెలుస్తుంది.

నగరం చెత్తంతా మొదటినుంచీ ఒకే చోటికి పోలేదు. ఆటోనగర్, గంధంగూడ లాంటి చోట్ల యార్డులుండేవి. చుట్టూ కాలనీలు పెరిగి, జనం గొంతెత్తేసరికి ఒక్కొక్కటీ మూతపడింది. ఆ భారమంతా ఉత్తరాన జవహర్‌నగర్ గుట్టల మీదికి మళ్లింది. మాజీ సైనికులకిచ్చిన భూములు, పట్టా కాగితం సరిగా లేని పేదల గుడిసెలు ఉన్న ప్రాంతమది. కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక, డబ్బు ఉన్నవాళ్లు అక్కడ తక్కువ. చోటును ఎంచినప్పుడు ఈ సంగతి లెక్కలోకి రాలేదంటే నమ్మడం కష్టం.

అప్పట్లో నిబంధనలు లేవు కాబట్టి అలా జరిగిపోయిందని అధికారులు అంటుంటారు. అది నిజం కాదు. చెత్త నిర్వహణపై అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా పురపాలక ఘనవ్యర్థాల నిబంధనలు 2000లోనే వచ్చాయి. చెత్త పూడ్చే గొయ్యి ఎలా ఉండాలో అందులో స్పష్టంగా రాశారు. అడుగున 90 సెంటీమీటర్ల మందాన నీరు దిగని బంకమట్టిని దిమ్మిస కొట్టాలి. దానిమీద 1.5 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ పొర పరవాలి. వానాకాలంలో భూగర్భజలం ఎంత పైకి వచ్చినా ఈ అడుగుకు రెండు మీటర్ల కిందే ఉండాలి. పని మొదలుపెట్టకముందే చుట్టుపక్కల నీటిని పరీక్షించి ఆ వివరాలు భద్రపరచాలి. ఆ తర్వాత యార్డు అంచునుంచి 50 మీటర్ల లోపు నీటిని ఎండాకాలం, వానాకాలం, వానల తర్వాత విడివిడిగా పరీక్షిస్తూ ఉండాలి.

జవహర్‌నగర్‌లో లారీలు తిరగడం మొదలైంది ఈ నిబంధనలు వచ్చాకే. అయినా చెత్తను ఉత్త నేల మీదే పోశారు. మట్టి దిమ్మిస లేదు, ప్లాస్టిక్ పొర లేదు. 2009లో ఒక ప్రైవేటు సంస్థతో 25 ఏళ్లకు ఒప్పందం కుదిరింది. శాస్త్రీయ నిర్వహణ అన్న మాట పనుల్లోకి దిగేసరికి 2012 వచ్చింది. ఈలోపు గుట్ట పెరుగుతూనే పోయింది. ఈ వ్యవహారాన్ని మలుపు తిప్పింది ఈ పదేళ్లేనని నా అభిప్రాయం. ఆ తర్వాత ఎన్ని కోట్లు పోసినా, ఎన్ని యంత్రాలు తెచ్చినా, అడుగున వేయని పొరను పైనుంచి వేయడం ఎవరివల్లా కాదు.

అక్కడి నేల స్వభావం దీనికి తోడైంది. హైదరాబాద్ చుట్టుపక్కల కింద ఉన్నది గ్రానైట్. పైన కొంత లోతువరకు శిథిలమైన రాయి, దాని కింద బీటలు. బోర్లలో పడే నీళ్లు ఆ బీటల్లోవే. చెత్త కుళ్లి, వాన తడిసి ఊరే నల్లరసం, అంటే లీచేట్, ఒకసారి ఆ బీటల్లోకి దిగితే ఎటు పోతుందో పైనుంచి చూసి చెప్పలేం. పక్క బోరు బాగానే ఉండి, దూరాన ఉన్న బోరు చెడిపోవచ్చు. అందుకే 50 మీటర్ల లోపు తీసిన ఒక నమూనా శుభ్రంగా ఉందన్న కాగితం చూపితే జనం నమ్మరు. వాళ్లది మూర్ఖత్వం కాదు, రాయి గుణం వాళ్లకు బోర్లు వేయించిన అనుభవంతో తెలుసు.

దమ్మాయిగూడ, మల్కారం, అహ్మద్‌గూడ, హరిదాస్‌పల్లి వాసులు చెప్పేది ఏళ్లుగా ఒక్కటే. బోరు నీళ్లు బిందెలో పట్టి కాసేపు ఉంచితే పచ్చగా తిరుగుతాయి, పైన తెట్టు కడుతుంది. తాగడానికి సరే, గిన్నెలు తోమడానికి కూడా వాటిని వాడబుద్ధి కాదు. గుట్ట దిగువన ఉన్న మల్కారం చెరువులోకి నల్లరసం చేరి, వానలు పడ్డప్పుడల్లా పొంగి కిందికి పారింది. చెరువంటే చుట్టూ భూగర్భజలాన్ని నింపేది. ఇక్కడ అదే చెరువు విషాన్ని కిందికి దింపింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ యార్డు లీచేట్ భూగర్భజలంపై చూపుతున్న ప్రభావాన్ని అధ్యయనం చేసి 2017లో ప్రచురించారు. ఊళ్లవాళ్లు అంతకు చాలా ముందునుంచే నీళ్లు కొనుక్కుంటున్నారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. సుమారు 1.2 కోట్ల టన్నుల పాత గుట్టను పొరలతో కప్పారు. చెత్తనుంచి కరెంటు తీసే ప్లాంటు 2020లో మొదలైంది. 2023లో రూ.250 కోట్లతో లీచేట్ శుద్ధి కేంద్రాన్ని ప్రారంభించారు. కానీ గుట్టను కప్పితే ఆగేది పైనుంచి దిగే వాననీరు. లోపల ఇప్పటికే ఊరిన రసం అడుగు లేని కుండలోంచి కారినట్టు ఏళ్ల తరబడి కిందికి దిగుతూనే ఉంటుంది. చెరువులో పట్టిన నల్లనీటిని శుద్ధి చేయొచ్చు, రాతి బీటల్లోకి వెళ్లినదాన్ని పూర్తిగా తోడి తేవడం దాదాపు అసాధ్యం.

ప్యారానగర్‌లో రాబోయేది డంపింగ్ యార్డు కాదని, అంతా శాస్త్రీయంగా శుద్ధి చేసే కేంద్రమని అధికారులు అంటున్నారు. జవహర్‌నగర్ మీద భారం తగ్గాలంటే ఇంకో చోటు కావాలనీ అంటున్నారు. రెండో మాటలో న్యాయం ఉంది. రోజుకు ఏడు వేల టన్నులకు పైగా చెత్తను ఒకే గుట్ట చుట్టూ ఉన్నవాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయమే. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి ఉన్న 27 పురపాలికలను మహానగరంలో కలిపాక ఆ ఒత్తిడి ఇంకా పెరిగింది.

అయితే శాస్త్రీయం అన్న మాట నల్లవల్లి రైతులకు కొత్త కాదు. జవహర్‌నగర్ వాళ్లకు 2009లో చెప్పిందీ అదే. ప్యారానగర్ పక్కన నర్సాపూర్ అడవి ఉంది. ఎగువన పడ్డ వాన వాగుల్లోంచి దిగువ చెరువులకు చేరుతుంది. ఆ చెరువుల కిందే వరి, కూరగాయలు పండుతున్నాయి, ఆ చెరువుల ఊటతోనే బోర్లు నడుస్తున్నాయి. నీరు చెడితే పంట కొనేవాడుండడు, భూమికి ధర ఉండదు. దుండిగల్ వాయుసేన అకాడమీకి పక్షుల బెడద, అడవిలోంచి రోడ్డు లాంటి అభ్యంతరాలూ ఉన్నాయి. అవి కోర్టులో ఎంత నిలిచినా, ఇంటింటా మాట్లాడుకునేది మాత్రం నీళ్ల గురించే.

గుమ్మడిదల మండలంలో ఇప్పుడు తేలాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక్క లారీ రాకముందే ప్రతి ఊరి బోరు, బావి, చెరువు నీటిని పరీక్షించి ఆ ఫలితాల ప్రతిని గ్రామ పంచాయతీకి ఇస్తారా? పరిశీలన బోర్లు ఎక్కడ వేయాలో రాతి బీటల పటం చూసి నిర్ణయిస్తారా, లేక ప్రహరీ వెంట నాలుగు వేసి సరిపెడతారా? రేపు నీరు చెడితే తాగునీటి ఖర్చు, పంట నష్టం ఎవరు భరించాలో ఒప్పందంలో రాస్తారా? మొదటిదానిలో, పని మొదలుకాకముందే నీటిని పరీక్షించి వివరాలు భద్రపరచడాన్ని 2016 నిబంధనల్లోనూ తప్పనిసరి చేశారు. మిగతా రెండింటికీ అధికారులు రాతపూర్వకంగా జవాబివ్వాలి.