సీసా పెంకుగా మారిన దారి: గోదావరి డెల్టాలో గాజు

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు డెల్టా అడుగు బయటపడుతుంది. తూముల దగ్గర, వంతెనల కింద, బోదెల మలుపుల్లో మట్టితో పాటు సీసాలు తేలతాయి. కొన్ని పగలని సీసాలు, కొన్ని అప్పటికే పెంకులు. నీళ్లు వదిలిన వారంలో అవి కదిలి చేల దాకా చేరతాయి. ఒక్క మద్యం క్వార్టరు సీసా దమ్ములో రోటవేటర్ పళ్లకు తగిలితే చాలు, చిటికెన వేలంత ముక్కలు మడి అంతా పరుచుకుంటాయి. బురదలో అవి కంటికి కనబడవు. నాట్లకు దిగినవాళ్ల అరికాళ్లే వాటిని కనిపెడతాయి. ఇనుప మేకు కొన్నేళ్లకు తుప్పు పట్టి మొద్దుబారుతుంది. గాజు తుప్పు పట్టదు, కుళ్లదు. పదేళ్ల తరువాత కూడా అదే పదునుతో ఉంటుంది.

ఈ డెల్టాకు గాజు కొత్త కాదు. ఒకప్పుడు సీసా కాలువలోకి వెళ్లేది కాదు, వచ్చిన దారినే వెనక్కి పోయేది. ఆ తిరుగుదారి ఎలా ఉండేదో, ఎక్కడ తెగిందో తెలియకుండా ఇప్పటి పెంకుల గొడవ అర్థం కాదు.

తెలుగులో చేతికి వేసుకునేదీ గాజే, దాన్ని చేసే సరుకూ గాజే. ఊళ్లోకి గాజు ముందుగా వచ్చింది సీసాగా కాదు, గాజుల శెట్టి భుజాన మలారంగా, అంటే గాజుల దండగా. ఆ గాజులు పగిలితే పిల్లలు పారేసేవారు కాదు. ముక్కలతో ఆటలాడేవారు. అన్నిటికన్నా అందమైన పని గాజు ముక్కల గొలుసు. అది ఇంటి పని, దానికి కొలిమి అక్కర్లేదు. అర్ధచంద్రాకారం ముక్కను పట్టకారుతో పట్టుకుని, నడుమ భాగాన్ని కొవ్వొత్తి మంట మొనకు చూపిస్తే అర నిమిషంలో మెత్తబడి దానంతట అదే వంగుతుంది. రెండు కొసలూ దగ్గరకు వచ్చేలోగా పక్క ముక్కను అందులో దూర్చాలి. కొసలు తాకించి వదిలేస్తే ఒక కొలికి అయినట్టు. పసుపు తరువాత ఆకుపచ్చ, ఆపైన ఎరుపు, ఇలా గుమ్మం పొడవునా తోరణం అల్లేవారు. చల్లటి గచ్చు మీద పెడితే టప్పున చిట్లేది, అందుకే వేడి కొలికిని పొయ్యిలో గోరువెచ్చటి బూడిదలో పెట్టేవారు. గాజు పరిశ్రమలో కొలిమి తరువాత గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చే పని కూడా ఇదే, ఇక్కడ బూడిద చేసేది. మంట నడుమ పసుపుపచ్చగా వెలిగే భాగంలో పెడితే మసి అంటుకుని రంగు చచ్చిపోతుంది. ప్లాస్టిక్ గాజులు వచ్చాక ఈ పని దాదాపు పోయింది, అవి మంటకు వంగవు, కాలి కంపు కొడతాయి.

సీసా వచ్చింది సోడాతో. 1870ల్లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు తీసుకున్న గోళీ మూతి సీసా మన దేశంలో గోళీ సోడాగా నిలిచిపోయింది. నింపేటప్పుడు సీసాను తలకిందులు చేస్తారు. లోపలి గ్యాసు ఒత్తిడికి గోళీ వచ్చి మెడలోని రబ్బరు వాషరుకు అతుక్కుంటుంది, బిరడా అక్కర్లేదు. ఆ ఒత్తిడికి తట్టుకోవాలి కాబట్టి గోడ మందంగా పోస్తారు. మందమైన సీసా ఖరీదైనది. ఖరీదైనది కాబట్టి సోడా కొట్టువాడు దాన్ని ఎవరినీ పట్టుకుపోనివ్వడు. తాగి అక్కడే ఇవ్వాలి. కడిగి, వాషరు మార్చి, మళ్లీ నింపేవారు. మెడ దగ్గర నెర్రె ఉన్న సీసా మాత్రం నింపేటప్పుడే పేలుతుంది. అందుకే సోడా మిషనులో సీసాను ఇనుప పంజరంలో పెట్టి తిప్పుతారు.

ఈ వ్యాపారంలో డెల్టా పేరు రామచంద్రపురం. అద్దూరి రామచంద్రరాజు 1919లో అక్కడ సోడా మొదలుపెట్టారు, తరువాత అదే ఆర్టోస్ అయింది. కూల్ డ్రింకు క్రేటులో ఖాళీ సీసాల లెక్క ఊళ్లో కిరాణా కొట్టువాడికి నోటికి వచ్చేది. ఇంటికి పట్టుకెళ్తే సీసా డబ్బులు కట్టి వెళ్లాలి, తెచ్చి ఇస్తే తిరిగి వచ్చేవి. చాలాసార్లు తిరిగిన సీసాను చూస్తే తెలిసిపోతుంది. భుజం దగ్గర ఒకటి, అడుగు దగ్గర ఒకటి, తెల్లగా అరిగిన రెండు పట్టీలు ఉంటాయి, వాషింగు లైనులో పక్క సీసాతో రాసుకున్న గుర్తులు. ఆ పట్టీలు ఎంత వెడల్పయితే సీసా అన్ని ప్రయాణాలు చేసినట్టు.

కొట్టుకు తిరిగి వెళ్లని సీసాలు ఇళ్లలో నిలిచేవి. ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం ఇది, ఆ సీసా లేని వంటిల్లు ఉండేది కాదు. పోపుల సామాను, బెల్లం, పెసరపప్పు, రోజూ వాడుకునే ఆవకాయ అందులోనే. సిరా బుడ్డికో మందు సీసాకో రేకు మూత బిగించి, చిల్లు పొడిచి, గుడ్డ ఒత్తి వేస్తే కిరసనాయిలు బుడ్డి దీపం. పెంకుటింటి కప్పులో వెలుగు కోసం ఒకటి రెండు మట్టి పెంకుల బదులు గాజుతో పోసినవి దూర్చేవారు. మండువా లోగిళ్లు విప్పేటప్పుడు వాటిని విడిగా దింపి దాచేవారు. నిజంగా పగిలిపోయిన సీసాలు ప్రహరీ గోడ మీద తడి సిమెంటులో నాటుకునేవి. ఇవేవీ పోగా మిగిలినవాటిని పాత ఇనుప సామాన్లవాడు కొనేవాడు, పిల్లలకైతే పుల్లైసో పీచుమిఠాయో ఇచ్చేవాడు. ఆ పుల్లైసే ఆనాటి రీసైక్లింగు వ్యవస్థ.

తెగడం ఒక్కరోజులో జరగలేదు. 1990ల నుంచి కూల్ డ్రింకులు ప్లాస్టిక్ సీసాల్లోకి మారుతూ వచ్చాయి, సీసా డబ్బులు కట్టి తిరిగి తీసుకునే డిపాజిట్టు అలవాటు పోయింది. హార్లిక్స్ కూడా ప్లాస్టిక్ డబ్బాలకు, రీఫిల్ ప్యాకెట్లకు దిగింది. రెండో దెబ్బ మద్యం వైపు నుంచి. అంతకుముందు పల్లెల్లో సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో దొరికేది, కల్లు ముంతల్లో తాగేవారు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన మహిళల ఉద్యమం తరువాత 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో నిషేధం సడలించాక ఊళ్లోకి తిరిగొచ్చింది సారా కాదు, సీసా మద్యం. కాలువ గట్లు తాగే చోట్లయ్యాయి. ఈ చరిత్రను ఉద్యమం మీద నెపంగా చదవకూడదు. ఆ ఆడవాళ్లు అడిగింది మద్యం పోవాలని. సీసా ఎవరు వెనక్కి తీసుకోవాలన్న ప్రశ్న అమ్మినవాళ్లది, పన్ను తీసుకున్నవాళ్లది.

మద్యం సీసాల్లోనూ తేడా ఉంది. 650 మిల్లీలీటర్ల గోధుమరంగు బీరు సీసా దాదాపు ఒకే ఆకారం, దాన్ని కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ నింపుతారు, అందుకే పగలని ఖాళీ బీరు సీసాకు తుక్కు కొట్టులో విడిగా ధర ఉంటుంది. క్వార్టరు సీసా ఒక్కో బ్రాండుకు ఒక్కో ఆకారం. పైగా ఖాళీ సీసా కల్తీ మద్యం నింపేవాళ్ల చేతిలో పడుతుందన్న భయం. దాంతో అది తిరిగి సీసాగా బతకదు, పెంకుగానే అమ్ముడుపోవాలి. పెంకు ధర మరీ తక్కువ. గోనె సంచి నిండా మోసుకొచ్చినవాడికి చెయ్యి కోసుకున్న నొప్పికి కూడా రాదు.

అంత తక్కువ ఎందుకంటే, డెల్టాకు గాజు కొలిమి లేదు. గోదావరి ఇసుక ఎంత ఉన్నా సీసా గాజుకు పనికి రాదు, దక్కను నల్లరాళ్ల మీదుగా, తూర్పు కనుమల మీదుగా వచ్చే ఇసుకలో ఇనుము ఎక్కువ, గాజు ఆకుపచ్చకు తిరుగుతుంది. రాష్ట్రంలో గాజుకు పేరున్న తెల్ల ఇసుక గూడూరు, చిల్లకూరు వైపు ఉంది. పెద్ద సీసా కొలిములు హైదరాబాద్ చుట్టూ సనత్‌నగర్, భువనగిరిలో ఉన్నాయి. రాజమహేంద్రవరం నుంచి సుమారు 400 కిలోమీటర్లు. పగలని ఖాళీ సీసాలు లారీలో పోస్తే ఘనపు మీటరుకు దాదాపు 300 కిలోలే పడతాయి, మిగతాదంతా గాలి. అంగుళం లోపు ముక్కలుగా నలిపితే 1,000 కిలోలు దాటుతుంది. కాబట్టి పల్లెల్లోని చెత్త నుంచి సంపద తయారీ షెడ్లకు ముందు కావలసింది చిన్న క్రషరు, రంగుకో తొట్టి. ఈ రెండూ లేని షెడ్డులో గాజు మూలకు చేరి కుప్పగా ఉండిపోతుంది.

కొలిమికి పాత పెంకు నిజంగా లాభమే. మామూలు సీసా గాజులో 70 శాతం పైన ఇసుక, 13 శాతం దాకా సోడా (తాగేది కాదు, సోడియం ఆక్సైడ్), 10 శాతం సున్నం ఉంటాయి. కొత్త సరుకు కరగడానికి 1,500 డిగ్రీల సెంటిగ్రేడు దాటాలి, సోడా యాష్, సున్నపురాయి బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. పెంకు ఆ దశలన్నీ ఒకసారి దాటి వచ్చింది. మిశ్రమంలో ప్రతి 10 శాతం పెంకుకు ఇంధనం 2.5 నుంచి 3 శాతం తగ్గుతుంది. టన్ను పెంకు 1.2 టన్నుల ముడి సరుకును ఆదా చేస్తుంది. అయితే శుభ్రత తప్పనిసరి. ఒక పింగాణీ కప్పు ముక్క, వేడికి తట్టుకునే ఒక బోరోసిల్ గాజు గిన్నె ముక్క కలిస్తే చాలు, అవి ఆ వేడికి పూర్తిగా కరగవు, కొత్త సీసా గోడలో రాయిలా మిగిలి అక్కడే పగులుతుంది. తుక్కు కొట్టులో ‘గాజే కదా’ అని అన్నీ ఒకే కుప్పలో వేయడం వల్లే లోడు తిప్పి పంపే పరిస్థితి వస్తుంది. పురుగుమందు సీసాలను ఈ కుప్పలో గానీ, ఇంటి వాడకంలో గానీ అసలు కలపకూడదు.

చేతిపనివాళ్లు, డిజైనర్లు ఈ గాజు మీద ఆసక్తి చూపడం మంచిదే, కానీ ఆ పనికీ లెక్కలున్నాయి. సీసా కోసి గ్లాసు చేయాలంటే కట్టరు చక్రంతో ఒక్కసారే గీత గీయాలి, అదే గీత మీద రెండోసారి పోతే అంచు పళ్లు పళ్లుగా విరుగుతుంది. గీత మీద వేడినీళ్లు, తరువాత చన్నీళ్లు, మార్చి మార్చి పోస్తే మూడు నాలుగు సార్లలో విడిపోతుంది. అంచును అద్దం పలక మీద నీళ్లు, సిలికాన్ కార్బైడ్ పొడి వేసి, గరుకు నుంచి మెత్తనకు 80, 120, 220, 400 నంబర్ల వరుసలో అరగదీయాలి. పొడిగా అరగదీస్తే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగులు అచ్చువేసిన సీసాలతో తాగే గ్లాసులు చేయవద్దు, ఆ రంగుల్లో సీసం ఉండవచ్చు.

కొలిమిలో సీసాను పలకగా వంచాలంటే గంటకు 150 డిగ్రీల చొప్పున వేడి పెంచి, 770 దగ్గర పావుగంట ఉంచి, 540కి దించి గంట నిలపాలి. అక్కడి నుంచి 370 వరకు గంటకు 60 డిగ్రీలకు మించకుండా చల్లార్చాలి. ఈ నిలుపుదల తగ్గించినవాళ్ల పలకలు నెల తరువాత బల్ల మీద ఎవరూ ముట్టకుండానే చీలతాయి. రెండు వేర్వేరు సీసాల గాజును ఒకదానితో ఒకటి అతికించినా అదే గతి, రెండూ ఒకే లెక్కన వ్యాకోచించవు.

డెల్టాకు ప్రత్యేకంగా సరిపోయేది, ప్రత్యేకంగా ప్రమాదమైనది కూడా మొజాయిక్ గచ్చు. పాత ఇళ్ల మొజాయిక్‌లో గడుల మధ్య నిలబెట్టిన గాజు పట్టీలను చూసినవాళ్లకు, రాతి చిప్స్ బదులు సీసా ముక్కలు వేద్దామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. మెరుపు బాగుంటుంది. కానీ సిమెంటులోని క్షారం గాజులోని సిలికాతో కలిసి జిగురు తయారవుతుంది, అది తేమ పీల్చి ఉబ్బుతుంది. కాలిఫోర్నియాలో స్టాంటన్ అనే ఇంజినీరు 1940లో కాంక్రీటు పగుళ్ల వెనుక ఈ చర్యను బయటపెట్టారు. కొన్ని అడుగుల లోతులోనే నీరుండే కోనసీమ నేలలో తేమకు కొరత లేదు. రెండు మూడేళ్లలో గచ్చు మీద ఎండిన చేను నెర్రెల్లాంటి పగుళ్లు, ముక్క చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తే ఇదే.

దానికి విరుగుడు తెలిసినదే. సిమెంటులో 25 శాతం దాకా తీసేసి ఫ్లై యాష్, అంటే బొగ్గు మండగా వచ్చే సన్నటి బూడిద కలపాలి, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి అది వస్తుంది. గచ్చు కింద ఇసుక పరుపు మీద మందమైన పాలిథీన్ షీటు వేయాలి. 3 నుంచి 6 మిల్లీమీటర్ల ముక్కలే వాడి, పదునైన సన్నపొడిని జల్లించి తీసేయాలి. ఏడు రోజులు తడి ఉంచాక 60 నంబరు రాయితో మొదటి పాలిష్, కన్నాలు సిమెంటు పాలతో పూడ్చి 120, చివరికి 320. గాజును పిండిలా, 75 మైక్రాన్ల కంటే మెత్తగా నూరితే కథ తిరగబడుతుంది, అది ముక్కలా పగుళ్లు తేదు, ఫ్లై యాష్ లాగే సిమెంటుకు బలమిస్తుంది. నూరే ఖర్చే అడ్డు. సిమెంటు బదులు ఎపాక్సీ రెజిన్‌తో వేసే గచ్చులో ఈ చర్యే ఉండదు, అయితే ధర చాలా ఎక్కువ.

ఎంతమంది గ్లాసులు కోసినా, ఎన్ని గచ్చులు వేసినా కాలువ గట్టు సీసాల్లో అది చిన్న వంతు మాత్రమే. పెద్ద మొత్తంలో సీసాలను వెనక్కి లాగేది డిపాజిట్టే. తమిళనాడు 2022లో నీలగిరి జిల్లాలో సర్కారు మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ తెచ్చినప్పుడు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. సీసాల పెంకులు ఏనుగుల కాళ్లలో దిగుతున్నాయన్న విషయం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లాక వచ్చిన పథకం అది. 2024 డిసెంబరులో కేంద్రం గాజు ప్యాకింగుకు కూడా, వాడేశాక దాని సంగతి చూసే బాధ్యతను తయారీదారు మీద పెడుతూ ముసాయిదా నిబంధనలు ఇచ్చింది. ఇక్కడ ఏనుగుల్లేవు, నాట్లకు దిగేవాళ్లున్నారు. ఇక్కడ అలాంటిది పెట్టాలంటే సీసా మీద స్టిక్కరు, అమ్మిన దుకాణమే ఖాళీ తీసుకోవాలన్న షరతు, పగిలిన మెడ ఉన్నా డబ్బు ఇవ్వాలన్న నిబంధన, దుకాణం వెనక ఖాళీలు పెట్టే చోటు, ఈ నాలుగూ ఉండాలి. మూడోది వదిలేస్తే పగిలిన సీసా మళ్లీ బోదెలోకే పోతుంది.