బత్తాయి ఆకు మీద వెండి గీత

బిడ్డలారా,

వానలు పడి మన నల్లగొండ బత్తాయి తోటలు చిగురేస్తే, లేతాకుల మీద వెండి తీగ పరిచినట్టు వంకర గీతలు కనిపిస్తాయి. అది నత్త పాకిన జాడ కాదు, తెగులూ కాదు. ఆకు పొర కింద ఒక పురుగు తొలుచుకుంటూ పోయిన దారి. పాముపొడ అంటారు.

ఒక ఆకు తెంపి ఎండకు ఎత్తి చూడండి. గీత నడుమ నల్లదారంలా సాగేది పురుగు పెంట. గీత సన్నగా ఉన్నది మొదలు, వెడల్పైనది చివర. ఆ చివర్లోనే పసుపుపచ్చగా, 3 మిల్లీమీటర్లు మించని పిల్లపురుగు ఉంటుంది. కాళ్లుండవు. పైపొర చినగకుండా కణాలను కోసి రసం తాగుతుంది. పొర కింద గాలి చేరడం వల్లే ఆ మెరుపు.

తల్లి రెక్కలపురుగు 2 మిల్లీమీటర్లే. వెండిలాంటి ముందు రెక్కల మీద గోధుమ, నల్ల చారలు, కొసన ఒక్కో నల్లచుక్క. పొద్దు వాలాక తిరుగుతూ లేతాకు అడుగున, నడిఈనె దగ్గర, నీటిబొట్టులాంటి గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు గుడ్డు అడుగు నుంచే నేరుగా ఆకులోకి దిగుతుంది. చివరి దశలో తిండి మాని, ఆకు అంచుకు చేరి, పట్టుదారంతో అంచును తన మీదికి మడుచుకుంటుంది. వేడిలో రెండు వారాల్లో ముగిసే ఈ బతుకు చలిలో ఏడు వారాల దాకా సాగుతుంది.

ఆకు ముడుచుకున్నాక మందు కొట్టడమే అందరూ చేసే పొరపాటు. అప్పటికి పురుగు మడతలో భద్రంగా ఉంటుంది, లేదా ఎగిరిపోయి ఉంటుంది. మందుకు చచ్చేది దాన్ని తినే చిన్న కందిరీగలే. ముదురాకు జోలికి ఇది పోదు కాబట్టి, చిగురు వేలి కణుపంత ఉన్నప్పుడే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి, ఎండ తగ్గాక ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. అదీ నర్సరీ మొక్కలకు, లేత తోటలకు. పెద్దచెట్టు తట్టుకుంటుంది, గీతలున్న ఆకు కూడా చెట్టుకు తిండి తయారుచేస్తుంది కనుక తెంపేయొద్దు. యూరియా ఒక్కసారే గుప్పిస్తే చిగురు ఆగకుండా వస్తుంది, పురుగుకు ఎప్పుడూ మేత దొరుకుతుంది. నిమ్మ తోటల్లో మరీ జాగ్రత్త: ఈ గాయాల్లోంచే వానాకాలంలో గజ్జి తెగులు బ్యాక్టీరియా దూరుతుంది.

ముడుచుకున్న ఆకులున్న రెమ్మ ఒకటి కోసి, కాడకు తడిదూది చుట్టి, గాజుసీసాలో పెట్టి మూతికి పలుచటి బట్ట కట్టండి. దూది ఆరనివ్వకండి. రోజూ తెల్లవారగానే చూస్తుండండి. రెక్కలపురుగు బయటికి వచ్చేది ఆ వేళకే. నల్లచుక్కకు భూతద్దం కావాలి.

మీ తాత