చిన్న రైలు ఇంజను ఎవరిది? నౌపడా–పర్లాకిమిడి లైను మీద 1936లో పడిన గీత

శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి వైపు తిరిగిన చిన్న రైలు ఇంజన్ల మాట మళ్ళీ లేచింది. రైల్వే జోన్ల విభజన ఖాయమైన దగ్గర్నుంచి టెక్కలి, పాతపట్నం వైపు పాతతరం వాళ్ళు ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు. బొగ్గుతో నడిచిన ఆ ఇంజన్లు ఎక్కడ ఉండాలి? పట్టాలు మొదలైన నౌపడాలోనా, పట్టాలు వేయించిన రాజుగారి ఊళ్ళోనా, లేక ఎక్కడో నగరంలో మ్యూజియంలోనా? పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయలు పెట్టి రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య దూరం) మీద ఈ లైను వేయించారని, 1900లో బండి తిరగడం మొదలైందని మన జిల్లాలో చాలామందికి తెలుసు. ఆ కథంతా మళ్ళీ చెప్పను. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సిన సంవత్సరం అది కాదు.

2004 కూడా కాదు. పెద్ద పట్టాలు (బ్రాడ్‌గేజి) వేయడానికి చిన్న బండి ఆపేసిన సంవత్సరం కాబట్టి అందరూ దాన్నే తలచుకుంటారు. అప్పుడే అంతా పోయింది అంటారు. నా లెక్కలో 2004లో పోయింది పట్టాలు మాత్రమే. ఆ రైలు తమదని అడిగే హక్కు అంతకు 68 ఏళ్ళ ముందే రెండు ముక్కలైంది.

ముందు మొన్నటి సంగతి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ వాల్తేరు డివిజన్ని విడదీసింది. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా ఉన్న ముక్క విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త దక్షిణ కోస్తా జోన్‌లోకి వచ్చింది. పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా ఉన్న ముక్క కొత్త రాయగడ డివిజన్‌కి, అంటే తూర్పు కోస్తా జోన్‌కి వెళ్ళింది. మొత్తం కలిపితే 90 కిలోమీటర్ల లైను. దానికి ఇప్పుడు ఇద్దరు యజమానులు. ఇది ఎక్కడ తెగిందో చూడండి. సరిగ్గా పర్లాకిమిడి దగ్గర. 1900లో రాజుగారి మొదటి బండి ఆగిన చోటు అదే. అక్కడి నుంచి గుణుపురం వరకు 1929లో కొంత, 1931లో కొంత తర్వాత పొడిగించారు. అంటే పాత లైను ఒక జోన్‌కి, పొడిగింపు ఇంకో జోన్‌కి.

ఈ గీత ఢిల్లీలో కొత్తగా గీసింది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడే ఇక్కడ పడింది. దాని కోసం అందరికంటే గట్టిగా పాటుపడిన వాళ్ళలో కృష్ణచంద్ర గజపతి ఒకరు. రైలు వేయించిన గౌరచంద్ర గజపతి కొడుకు ఆయన. గుణుపురం దాకా లైను పొడిగించిందీ ఆయన కాలంలోనే. లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఒరియా వాళ్ళకు రాష్ట్రం కావాలని అడిగింది ఆయనే, ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు) అయిందీ ఆయనే. ఒరిస్సా వచ్చింది. కానీ ఆయన జమీందారీ రెండయింది. పర్లాకిమిడి పట్నం, దాని చుట్టుపక్కల కొంత భాగం అటు వెళ్ళింది. మిగతా పల్లెలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. రైలు సంగతే తీసుకుంటే నౌపడా, టెక్కలి, తెంబూరు, పాతపట్నం ఇటు. పాతపట్నం తర్వాత వచ్చే పర్లాకిమిడి అటు. మహేంద్రతనయ ఒడ్డున ఒకదాన్నొకటి ఆనుకుని బతికిన రెండు ఊళ్ళు వేర్వేరు రాష్ట్రాలైపోయాయి.

ఆ రోజు ఈ ప్రాంతపు తెలుగువాళ్ళకి ఎంత కష్టం వేసిందో చెప్పడానికి గిడుగు రామమూర్తిగారొక్కరు చాలు. ఆయన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి వెళ్ళి అక్కడే పాఠాలు చెప్పారు, అక్కడే సవరల భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాశారు. యాభై ఏళ్ళకు పైగా అదే ఆయన ఊరు. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఇల్లు వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి 70 దాటిన మనిషి. ఆ వయసులో ఊరు మారడమంటే ఏమిటో ఇంట్లో పెద్దవాళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది.

రైలు మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే బండి, అదే ఇంజను, అవే స్టేషన్లు. నౌపడాలో కలకత్తా–మద్రాసు పెద్ద లైను దిగిన మనుషులు, ఇక్కడి ఉప్పు, అటునుంచి వచ్చే కొండ సరుకు అన్నీ ఈ పట్టాల మీదే తిరిగాయి. ఇంజనుకు సరిహద్దు పట్టలేదు. సరిహద్దు పట్టింది కాగితాలకి. ఈ లైను గురించి ఏ అర్జీ పెట్టాలన్నా 1936 తర్వాత రెండు చోట్ల పెట్టాలి. టెక్కలి వాళ్ళు మద్రాసు వైపు, తర్వాత కర్నూలు, హైదరాబాదు వైపు చూశారు. పర్లాకిమిడి వాళ్ళు కటకం, తర్వాత భువనేశ్వర్ వైపు చూశారు. ఎవరికి వాళ్ళకి ఇది తమ రాష్ట్రం అంచున ఉన్న చిన్న లైను. ఏ అసెంబ్లీకీ నడిమధ్య ఉన్న విషయం కాదు.

ఆ తేడా 2004లో తెలిసింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బ్రాడ్‌గేజి కావాలని అడిగింది బయటివాళ్ళు కాదు, మనవాళ్ళే. అడగడంలో తప్పూ లేదు. విశాఖ ఆసుపత్రికి రోగిని తీసుకెళ్ళాలన్నా, అటు చదువుకునే పిల్లలకైనా, నౌపడాలో దిగి బండి మారకుండా వెళ్ళడం ఎంత అవసరమో ఆ దారిలో తిరిగిన వాళ్ళకే తెలుసు. 2011లో పెద్ద బండి వచ్చాక గుణుపురం నుంచి విశాఖకి నేరుగా పోగలిగారు. నా బాధ దాని గురించి కాదు.

సరిగ్గా అదే కాలంలో మిగతా చోట్ల ఏం జరిగిందో గమనించండి. మనదానికంటే మూడేళ్ళు చిన్నది కల్కా–సిమ్లా లైను, 1903లో మొదలైంది. గేజి కూడా మనదే, 762 మిల్లీమీటర్లు. 2008లో అది యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. నీలగిరి లైను 2005లో ఎక్కింది, అంటే మన చిన్న బండి ఆగిన మరుసటేడే. డార్జిలింగు అంతకుముందే, 1999లో. వాటికి కొండలున్నాయి, టూరిస్టులున్నారు, నిజమే. దానితోపాటు వాటి కోసం గట్టిగా అడిగే గొంతు ఒక్కటి ఉంది. నాగపూర్ మోతీబాగ్‌లో నేరోగేజి మ్యూజియం 2002లో తెరిచారు. ఆ వైపు వాళ్ళు తమ చిన్న రైళ్ళ సామాను ముందే ఒకచోట చేర్చుకున్నారు. మన లైను ఇంజన్లు, పెట్టెలు తలా ఒక దిక్కుకు పోయాయి.

నేను ఈ బండి చివరి రోజుల్లో ఎక్కినవాణ్ణి కాదు, ఆవిరి రోజుల్లో ఎక్కినవాణ్ణి. టెక్కలి స్టేషన్లో మా అమ్మ నన్ను కిటికీ పక్కన కూర్చోనిచ్చేది కాదు. తల బయట పెడితే ఇంజను నుంచి బొగ్గు నలుసు వచ్చి కంట్లో పడేది. పడ్డాక ఏడుపు మామూలే. అమ్మ చీర కొంగు మూడు మడతలు చేసి, నోటితో వెచ్చగా ఊది, మూసిన కన్ను మీద అద్దేది. నలుసు పోయాక కూడా కొంగుకి నల్లటి చుక్క ఉండిపోయేది. ఆ ఇంజను నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ చుక్కగానే, తర్వాతే కూతగా.

ఇక ఇప్పటి వాదనలు. ఇంజన్లు పర్లాకిమిడిలో ఉండాలనే వాళ్ళు చెప్పేది సూటిగానే ఉంది. డబ్బు రాజుగారిది, రైలు పేరే పర్లాకిమిడి లైట్ రైల్వే, కాబట్టి అక్కడే ఉండాలి. కాదనలేం. మ్యూజియానికి ఇచ్చేయమనే వాళ్ళు భద్రత మాట చెబుతారు. నౌపడా పక్కనే ఉప్పు మడులున్నాయి, సముద్రపు గాలి ఇనుమును తినేస్తుంది, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరాన్నే కొట్టింది అంటారు. ఇందులో కూడా నిజం ఉంది.

నౌపడా, టెక్కలి వాళ్ళు చెప్పేది కొంచెం ఓపిగ్గా వినాలి. ఇంజను అనేది బొమ్మ కాదు, ఒక చోటికి చేరడానికి చేసిన యంత్రం అంటారు వాళ్ళు. ఈ లైను పుట్టిందే పెద్ద లైనును అందుకోవడానికి. నౌపడా లేకపోతే రాజుగారి డబ్బుకు రైలు వచ్చేది కాదు. పాత 1900 లైనులో పర్లాకిమిడి ఒక్కటి తప్ప స్టేషన్లన్నీ ఇవాళ్టి శ్రీకాకుళం జిల్లాలోవే. ఇంజన్లో బొగ్గు వేసినవాళ్ళు, పట్టాల కింద కంకర సర్దిన గ్యాంగ్ వాళ్ళు చాలామంది ఈ ఊళ్ళవాళ్ళు. వాళ్ళ పిల్లలు, మనవలు ఇంకా ఇక్కడే ఉన్నారు. ఇంజనును చూసి 'మా తాత దీని ఫైర్‌మన్' అని చెప్పగలిగేది ఇక్కడే. నగరంలో మ్యూజియంలో అయితే దాని పక్కన నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు.

ఉప్పుగాలి సంగతికి జవాబుంది. ఆరుబయట నిలబెట్టిన ఇంజనును ఎక్కువగా చెడగొట్టేది గాలికంటే వాన. పొగగొట్టం మూత లేకుండా వదిలేస్తే వాననీళ్ళు లోపలికి దిగి, అడుగున మిగిలిన బూడిదతో కలుస్తాయి. ఆ బురదలో పులుపు ఉంటుంది. అది పొగగొట్టం కింద ఉండే పొగ పెట్టె అడుగును లోపల్నుంచి తినేస్తుంది. బయట ఏడాదికోసారి నల్లరంగు కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, లోపల రేకు మాత్రం పేపరులా పలచబడుతుంది. బాయిలర్ గొట్టాలలో తడి మిగిలితే అవీ అంతే. బూడిద పూర్తిగా తీసేసి, బాయిలరు ఆరబెట్టి, గొట్టానికి మూత వేసి, పైన గట్టి రేకుల షెడ్డు కడితే సముద్రం పక్కన కూడా ఇంజను నిలుస్తుంది. ఈ జాగ్రత్తలు లేకపోతే ఎంత దూరాన, ఎంత పొడి ఊళ్ళో పెట్టినా పోతుంది. ఇంకోటి, కూత గొట్టం, మీటర్లు, వాల్వులు. ఇత్తడి, రాగి సామాను కనిపిస్తే దొంగ చెయ్యి ఆగదు.

పెద్ద చోట పెడితేనే భద్రం అనే వాళ్ళకి ఫెయిరీ క్వీన్ సంగతి గుర్తు చేయాలి. 1855లో ఇంగ్లండ్ లీడ్స్‌లో తయారై ఈస్టిండియన్ రైల్వేకి వచ్చిన ఇంజను అది. 1997లో మళ్ళీ బండి లాగింది, 1998లో ప్రపంచంలో నడుస్తున్న అతి పాత ఆవిరి ఇంజనుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అలాంటిదానికే 2011లో భాగాలు ఊడదీసి పట్టుకుపోయారు. చెన్నై పెరంబూరు వర్క్‌షాపు దాన్ని బాగుచేసి నిలబెట్టింది. అదే పెరంబూరు, ఫెయిరీ క్వీన్ తోడుగా 1855లో వచ్చిన ఇంకో ఇంజనును 2010లో లేపి నడిపించింది. 1909లో రిటైరై నూరేళ్ళు దిమ్మె మీద కూర్చున్న ఇంజను అది. దిమ్మె ఎక్కిన ఇంజను మళ్ళీ దిగదు అనుకోనక్కర్లేదు.

మన ఇంజను మన లైను మీద నడవదు, అది వేరే విషయం. పట్టాల మధ్య దూరం ఇప్పుడు 1676 మిల్లీమీటర్లు. నడవాలంటే నౌపడా యార్డులో పక్కన వేరుగా చిన్న పట్టాలు వేయాలి. అర కిలోమీటరు చాలు. రోజూ నిప్పు పెట్టనక్కర్లేదు. ఏడాదికి ఒకటి రెండు రోజులు ఆవిరి పట్టించినా, ఆ పని తెలిసినవాళ్ళ దగ్గర కొత్తవాళ్ళు నేర్చుకుంటారు.

రెండు జోన్ల మధ్య ఆస్తులు పంచేటప్పుడు బండ్లు, సిగ్నళ్ళు, క్వార్టర్లు, సిబ్బంది అన్నిటికీ జాబితాలు వేస్తారు. వాటితోపాటు ఈ చిన్న లైను మీద తిరిగిన ప్రతి ఇంజనుకూ, ప్రతి పెట్టెకూ ఒక వరస రాయించుకోవాలి. దాని నంబరు, ఎవరు తయారు చేశారు, ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ షెడ్డు కింద ఉంది, బాయిలరు ఆఖరుసారి ఎప్పుడు చూశారు, ఏ భాగాలు లేవు. ఆ జాబితా విశాఖ డివిజన్ దగ్గర ఒకటి, రాయగడ డివిజన్ దగ్గర ఒకటి ఉండాలి. నౌపడా స్టేషన్ మాస్టర్ గదిలో గోడకి మూడోది ఉండాలి.