డేటాబేస్ సైట్లకు టూల్స్ ఎంపిక: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

సైట్ కట్టించుకోడానికి నా దగ్గరికి చీరల షాపువాళ్లు వచ్చినా, డిగ్రీ కాలేజీవాళ్లు వచ్చినా ముందు అడిగేది ఒకటే: "ఏ టెక్నాలజీలో చేస్తారండీ?" ఏ సమాచారం దాచాలి, రోజూ ఎవరు ఎక్కిస్తారు, రెండేళ్ల తర్వాత నేను ఫోనెత్తకపోతే ఎవరు చూసుకుంటారు అని నేను అడిగితే మాత్రం "అవన్నీ తర్వాత చూద్దాం లెండి" అంటారు. నాకైతే ఆ మూడింటికీ జవాబు దొరికాకే టూల్ పేరు నోట్లోంచి వస్తుంది.

అపోహ: పీహెచ్‌పీ పని అయిపోయింది.

వాస్తవం: 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ బయటపెట్టిన ఈ ప్రోగ్రామింగ్ భాషలోనే సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ ఉంది, వికీపీడియాను నడిపే మీడియావికీ ఉంది. పాతబడింది మన నోట్సు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లను 2015లో పీహెచ్‌పీ 7 నుంచి తీసేశారు. అయినా అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో దొరికే మెటీరియల్ పట్టుకుని ఇంకా వాటితోనే రాసుకొచ్చే కుర్రాళ్లు నా దగ్గరికి ఇంటర్వ్యూలకొస్తుంటారు. చిన్న ఊళ్లో సైట్‌కి పీహెచ్‌పీ వల్ల ఒక సుఖం ఉంది: చవక హోస్టింగ్‌లో (సైట్ పెట్టే అద్దె సర్వర్‌లో) నడుస్తుంది, రిపేరు తెలిసినవాళ్లు దొరుకుతారు.

అపోహ: యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) పెట్టేస్తే తెలుగుకు ఇక ఢోకా లేదు.

వాస్తవం: ఇక్కడ దెబ్బతిన్నవాళ్లను లెక్కపెట్టలేను. మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అని చాలాకాలం పిలిచింది అక్షరానికి 3 బైట్లే ఇచ్చే సగం సరుకు. తెలుగు యూనికోడ్ గుర్తులు ఒక్కొక్కటి సరిగ్గా 3 బైట్లే కాబట్టి టెస్టింగ్‌లో అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత ఎవరో కస్టమర్ కామెంట్ మధ్యలో దణ్ణం పెట్టే ఎమోజీ వేస్తారు. దానికి 4 బైట్లు కావాలి. తప్పు డేటాను ఒప్పుకోని స్ట్రిక్ట్ మోడ్ ఉంటే ఎర్రర్ వస్తుంది. లేకపోతే ఇంకా ఘోరం, ఎమోజీ దగ్గర్నుంచి చివరిదాకా చడీచప్పుడు లేకుండా కోసేస్తుంది. 4 బైట్లిచ్చే అసలైన యూటీఎఫ్8ఎంబీ4 2010లో మైఎస్‌క్యూఎల్ 5.5.3తో వచ్చింది, డిఫాల్ట్ అయింది 2018లో 8.0తో. టేబుల్లో మారిస్తే సరిపోదు, సైట్‌కీ డేటాబేస్‌కీ మధ్య కనెక్షన్‌లోనూ చెప్పాలి, లేకపోతే తెలుగు ప్రశ్నార్థకాలుగా మారొచ్చు. ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన తెలుగు ఇక తిరిగి రాదు.

పొడవు సంగతి ఇంకోటి. 'శ్రీలక్ష్మి' కంటికి మూడక్షరాలు. డేటాబేస్ లెక్కలో వత్తులు, గుణింతాలు, పొల్లులు విడివిడిగా కలిపి 11 క్యారెక్టర్లు, 33 బైట్లు. ఇంగ్లిష్ పేర్లకు సరిపోయిందని 30 క్యారెక్టర్ల కాలమ్ పెడితే, ఇంటిపేరుతో సహా రాసే మన పేర్లు కొన్ని అందులో ఇమడవు.

వెతుకులాట కోసం పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అయితే మంచిదంటారు. మంచిదే. కానీ దాని ఫుల్‌టెక్స్ట్ సెర్చ్‌లో హిందీకి, తమిళానికి పదాల మూలరూపం పట్టే ఏర్పాటు ఉంది, తెలుగుకు లేదు. 'పుస్తకం' అని వెతికితే 'పుస్తకాలు' దొరకదు. తెలుగు సైటైతే ఆ పనికి అదనంగా రోజులు లెక్కేసుకోండి.

అపోహ: ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) నేర్చుకోవడానికే పనికొస్తుంది.

వాస్తవం: దాని సొంత వెబ్‌సైట్ దాని మీదే నడుస్తోంది. ఒకేసారి ఒక్కరే రాయగలరన్నది దాని హద్దు. మెయింటెనెన్స్ బకాయిలు చూపించే అపార్ట్‌మెంట్ సంఘం సైట్‌కి అంతకన్నా ఏం కావాలి?

అపోహ: మాంగోడీబీ (టేబుళ్లు లేని డేటాబేస్) అయితే టేబుళ్ల డిజైన్ తలనొప్పి ఉండదు.

వాస్తవం: తలనొప్పి వాయిదా పడుతుంది, అంతే. ఒక కాలేజీ డేటాలో ఒకే నంబరు ఒకచోట 'ఫోన్', ఒకచోట 'మొబైల్', ఇంకోచోట 'సెల్' అనే పేరుతో ఉండటం చూశాను. విద్యార్థి, కోర్సు, ఫీజు రసీదు ఒకదానికొకటి ముడిపడ్డ సరుకు. దానికి పాతకాలపు టేబుళ్లే హాయి. డబ్బుల కాలమ్ డెసిమల్‌లో పెట్టండి, దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌లో పెడితే పైసల దగ్గర లెక్క తప్పుతుంది.

అపోహ: ఫ్రేమ్‌వర్క్ వాడితే సెక్యూరిటీ, స్పీడు అదే చూసుకుంటుంది.

వాస్తవం: జాంగో, లారావెల్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు (సైట్ కోడుకు రెడీమేడ్ చట్రాలు) యూజర్ ఇచ్చిన విలువను క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు, దూరంగా విడిగా పంపుతాయి, కాబట్టి ఫారంలో ఎవరైనా దొంగ ఆదేశం రాసినా నడవదు, నిజమే. ఎక్కడో ఒక రిపోర్టుకు మీరే క్వెరీ రాసి, ఫారంలోంచి వచ్చిన మాటను అందులో అతికిస్తే ఆ రక్షణ పోయినట్టే.

స్పీడు విషయంలో తప్పు నాదే. చీరల సైట్ నెమ్మదించిందని పెద్ద సర్వర్ కొనమని షాపాయనకు చెప్పేశాను. ఆయన డబ్బు కట్టబోతుండగా క్వెరీల చిట్టా ఉండే లాగ్ తెరిస్తే, 50 చీరలున్న పేజీకి 51 క్వెరీలు. లిస్టుకొకటి, ఆపై ప్రతి చీరకూ నేత రకం అడుగుతూ ఇంకొకటి. ఒక్క లైను మార్చి రెండుకు దించాను. ఆయనకు ఫోన్ చేసి "సర్వర్ వద్దులెండి" అన్నప్పుడు ఎందుకని అడగలేదు, బతికిపోయాను.

అపోహ: బ్యాకప్ హోస్టింగ్‌వాళ్లు తీస్తారు.

వాస్తవం: తీస్తారేమో. ఆ ఫైలును వేరే మెషీన్‌లో ఎక్కించి, సైట్ తెరిచి, తెలుగు పేర్లు పేర్లలాగే ఉన్నాయో లేదో ఎప్పుడైనా చూశారా?