నర్సమ్మ మొదటి సూది ఎవరికి వేసింది?

చిరంజీవులు పిల్లలకు మామ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. టీకా వేయించుకొచ్చిన చిన్నది "నర్సమ్మకి సూది వెయ్యడం ఎవరు నేర్పారు? నేర్చుకునేటప్పుడు ఎవరిని పొడిచింది?" అని అడిగిందట. బొమ్మని పొడిచింది, తల్లీ. నర్సింగ్ కాలేజీలో మనిషంత బొమ్మ మంచం మీద పడుకుని ఉంటుంది. పక్కనే నిలబడి చెయ్యి పట్టుకుని దిద్దే ఆవిడని ట్యూటర్ అంటారు, అంటే నర్సులకి పంతులమ్మ.

ఇప్పుడు మన వైపు ఉభాలు, అంటే వరినాట్లు కదా, ఒకసారి ఆకుమడి (నారుమడి) దగ్గరికి వెళ్లండి. విత్తనాలు ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు మూటగా మండె కట్టి, మొలకలొచ్చాక మడిలో చల్లుతారు. సుమారు 25 రోజులకి ఆకు తీసి కట్టలు కడతారు. అదే ఆకు వంశధార కాలువ కిందికీ వెళ్తుంది, చెరువు కిందికీ వెళ్తుంది, వానకోసం ఎదురుచూసే చేనుకీ వెళ్తుంది. ట్యూటరమ్మది ఆకుమడి పని. మడిలో తెగులుంటే అది మడిలో ఆగదు, ఆకు నాటిన ప్రతి పొలానికీ పోతుంది. ఆమె చేతిలో ఒక తప్పుంటే క్లాసులో ఉన్నవాళ్లందరి చేతుల్లోకీ అదే పోతుంది. అందుకే ఆమె చిన్న పనిని కూడా వదలదు.

చేతులు కడగడమే చూడండి. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. అరచేతులు, చేతుల వెనక వైపు, వేళ్ల సందులు, ఆ తరవాత బొటనవేళ్లు, చివరికి గోళ్ల కొసలు అరచేతిలో రుద్దాలి. తొందరలో మనం మరిచిపోయేవి ఈ చివరి రెండే. ఉంగరం తియ్యకపోతే దాని కింద మురికి అలాగే ఉండిపోతుంది. నాడి చూడ్డానికి మూడు వేళ్లు పెట్టాలి, బొటనవేలు పెట్టకూడదు. బొటనవేలికి సొంత నాడి ఉంది, రోగి నాడి అనుకుని మనదే లెక్కపెడతాం.

సూదికీ వాటం ఉంది. కండలోకి వేసేది నిటారుగా, 90 డిగ్రీల్లో దిగాలి. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా చర్మం పొరల్లోకే వెళ్లాలి, కాబట్టి సూది దాదాపు పడుకోబెట్టి 10, 15 డిగ్రీల్లో దూర్చాలి. సరిగ్గా పడితే అక్కడ చిన్న బొబ్బ లేస్తుంది. లేవలేదంటే మందు లోతుకి పోయిందని. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. ఆ మూత పెట్టబోయినప్పుడు చాలామంది నర్సులకి సూది గుచ్చుకుంటుంది. మా చిన్నప్పుడైతే గాజు సిరంజిలు ఉండేవి. స్టీలు డబ్బాలో వేసి, నీళ్లలో మరిగించి, మళ్లీ వాడేవారు. ఇప్పుడు ఒక బిడ్డకి ఒక సూది, ఎంత మేలో!

ఇంతవరకూ బొమ్మ మీద నేర్పొచ్చు. దీని తరవాతది బొమ్మ దగ్గర రాదు. మళ్లీ ఆకు సంగతికే వస్తాను. ఆకు ఏ పొలంలో పడ్డా అక్కడి మట్టినే పట్టుకుని బతకాలి, మట్టి మారాలని అడగదు. నర్సూ అంతే. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి వార్డు అనుకోండి. ఒక మంచం మీద ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒడియా తల్లి, పక్కన సముద్రం మీద వేటకెళ్లే మనిషి, ఆ పక్కన సీతంపేట కొండల సవర ముసలమ్మ, చివర ఉద్దానం రైతు. వేటకెళ్లే మనిషితో "పొద్దున్న టిఫిన్ తిన్నాక మాత్ర వేసుకో" అంటే లాభం లేదు, తెల్లారేసరికి అతను పడవలో ఉంటాడు. ముందు ఎప్పుడు తింటావని అడగాలి. ముసలమ్మ మాటలు మనవడిచేత చెప్పించుకుంటే ఆడవాళ్ల బాధలు ఆవిడ బయటపెట్టదు, సవర తెలిసిన ఆడమనిషిని పిలవాలి. విరేచనాలైన వాళ్లకి కొబ్బరినీళ్లు మంచివే. ఉద్దానం రైతుకి కిడ్నీలు పాడైతే అవే నీళ్లు ముప్పు. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. పెరట్లోనే కొబ్బరిచెట్లున్న మనిషికి ఆ మాట ఎంత నెమ్మదిగా, ఎంత వివరంగా చెప్పాలో ఆలోచించండి.

విరేచనాలప్పుడు తాగించే ఓఆర్‌ఎస్ పొడి పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి, 24 గంటల్లోపే వాడాలి. గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు మితిమీరి బిడ్డకి హాని. "అర్థమైందా?" అని అడిగితే ఏ తల్లీ లేదనదు. అందుకని మంచి ట్యూటరమ్మ తన దగ్గర చదివే పిల్లల్ని ఆ ప్రశ్నే అడగనివ్వదు. "అమ్మా, నీ ఇంట్లో చెంబు ఏదో చెప్పు, కలిపి చూపించు" అని అడగమంటుంది. ఎన్ని బ్యాచ్‌లు మారినా, ఎన్నేళ్లు గడిచినా ఆమె విసుగులేకుండా చెప్పే పాఠం ఇదే. నాకు ఆమె మీద గౌరవం పుట్టింది కూడా దీనివల్లే.

అమెరికాలో మడెలీన్ లైనింగర్ అని ఒక నర్సు పంతులమ్మ ఉండేది. 1925లో పుట్టి 2012లో పోయింది. మానసిక బాధలున్న పిల్లల దగ్గర పనిచేస్తూ, అందరికీ ఒకే తీరు ఊరడింపు పనికిరావడం లేదని గమనించింది. ఎందుకలా అని తెలుసుకోడానికి న్యూ గినియా కొండల్లో గాడ్సప్ అనే జనం మధ్య చాలాకాలం ఉండి వచ్చింది. రోగి ఇల్లూ వాకిలీ, తిండీ, నమ్మకాలూ తెలుసుకుని సేవ చెయ్యడాన్ని చదువుగా మార్చి, బతికినన్నాళ్లూ అదే నేర్పింది. మన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు అంతకు చాలా ముందే సవరల భాష నేర్చుకుని, వాళ్ల మాటల్లోనే వాళ్లకి చదువు చెప్పించారు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. అయినా ఒకే దారిన నడిచారు, తలుచుకుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

మిగతాది ఉత్తరంలో ఇమడదు. వచ్చే టీకాల రోజు అంగన్వాడీకి వెళ్లి ఓ మూల కూచోండి. సూది ఎంత వాటంగా దిగిందో, వాడిన సూది ఎటు పోయిందో చూడండి. టీకా వేశాక బిడ్డని అరగంట అక్కడే ఉంచారా? ఏ టీకా వేశారో, జ్వరమొస్తే ఏం చెయ్యాలో, మళ్లీ ఎప్పుడు రావాలో తల్లికి చెప్పారా? కార్డు భద్రంగా దాచమన్నారా? ఆ తల్లితో ఏ మాటల్లో మాట్లాడారో చెవులు రిక్కించి వినండి. విన్నవి విన్నట్టు రాసి నాకు పంపండి.

మీ మామ్మ