కిటికీ పక్కన పసిముఖం

1839లో ఫోటో తీసే డాగెర్ పద్ధతి లోకానికి వెల్లడైన తొలినాళ్లలో ఒక్క ఫోటో కోసం మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. 1851లో గాజుపలకపై తడి రసాయనం పూసి ఫోటో తీసే తడి కొలోడియన్ పద్ధతి వచ్చాక ఆ వ్యవధి సెకన్లకు దిగినా, పసిపిల్లలకు ఆ కొన్ని సెకన్లూ గండమే. అందుకే పందొమ్మిదో శతాబ్దపు ఫోటోలు కొన్నింటిలో తల్లి నిలువెల్లా గుడ్డ కప్పుకొని, చూసేవారికి కుర్చీలా కనిపిస్తూ, బిడ్డను కదలనివ్వకుండా పట్టుకొని ఉంటుంది. నేటి కెమెరా సెకనులో ఐదువందలో వంతు కాలంలో చిత్రాన్ని పట్టేస్తుంది. పిల్లలను కట్టి కూర్చోబెట్టవలసిన కారణం ఎప్పుడో పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. కెమెరా చేతిలోకి రాగానే మనం "ఇటు చూడు, నవ్వు" అంటాం.

చెప్పి తెప్పించిన నవ్వు ఎందుకు తేలిపోతుందో ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లోనే వివరించాడు. పెదవి కొసలను పైకి లాగే కండరం మన మాట వింటుంది. కంటి చుట్టూ ఉండి, చెంపను పైకెత్తి, కంటి కొసలో ముడతలు తెచ్చే కండరాన్ని కావాలని కదిలించడం మాత్రం చాలామందికి కష్టం. సంతోషం కలిగినప్పుడు అది దానంతట అదే కదులుతుంది. కాబట్టి పిల్లల ముఖాన్ని మనం ఆదేశించలేము. మన చేతిలో ఉన్నది వాళ్లు ఆడుకునే చోటు, ఆ చోట పడే వెలుతురు.

వెలుతురు మెత్తగా ఉందా, కరకుగా ఉందా అన్నది దాని తీవ్రతను బట్టి కాక, ముఖం ఉన్న చోటు నుంచి చూస్తే వెలుగు వచ్చే మేర ఎంత విశాలంగా కనిపిస్తుందన్న దాన్ని బట్టి తేలుతుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా ఆకాశంలో మనకు కనిపించేది సుమారు అర డిగ్రీ వెడల్పే. అంత చిన్న మూలం నుంచి వచ్చే కాంతికి ముక్కు అడ్డుపడితే నీడ అంచు కత్తితో కోసినట్టు పడుతుంది. మిట్టమధ్యాహ్నం కనుగుంటలు నల్లబడతాయి, పిల్లలు కళ్లు చికిలిస్తారు. అదే ఎండను మబ్బు కప్పితే ఆకాశమంతా దీపమవుతుంది. అప్పుడు చెంప మీది ఒక్కో బిందువుకు ఆ వెలుగులో కొంత భాగం మరుగై, కొంత భాగం కనిపిస్తూ ఉంటుంది కనుక నీడ ఒక్కసారిగా తెగిపోకుండా మెల్లగా కరిగిపోతుంది. నేరుగా ఎండ పడని కిటికీ చేసే పనీ ఇదే. ఒక మీటరు వెడల్పున్న కిటికీకి ఎదురుగా ఒక మీటరు దూరంలో కూర్చున్న బిడ్డకు ఆ కిటికీ 53 డిగ్రీల మేర పరుచుకొని కనిపిస్తుంది, నాలుగు మీటర్ల దూరానికి జరిగితే 14 డిగ్రీలకు కుదించుకుపోతుంది. గది లోపలికి వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గడమే కాదు, దాని మెత్తదనమూ తగ్గుతుందన్న మాట. కిటికీకి దగ్గరగా, దానికి కాస్త ఏటవాలుగా కూర్చున్న ముఖంలో ఒక చెంప వెలిగి, రెండో చెంప నీడలోకి జారుతుంది. ఆ నీడ మరీ చిక్కబడితే అటువైపు ఒక తెల్లటి దుప్పటి పరిస్తే చాలు.

చర్మం కూడా ఈ పనిలో పాలు పంచుకుంటుంది. దానిపై పడిన కాంతిలో కొంత లోపలికి దిగి, చెదిరి, కాస్త పక్కన మళ్లీ బయటికి వస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ నీలం, ఆకుపచ్చ కాంతులను ఎక్కువగా పీల్చుకుంటుంది గనుక అలా బయటికి వచ్చేదానిలో ఎరుపు పాలు ఎక్కువ. ఎండకు అడ్డుగా నిలబడ్డ పిల్లవాడి చెవి ఎర్రగా వెలగడం మనందరం చూసినదే. ఇక కంటిపొర తనపై పడే కాంతిలో రెండు మూడు శాతాన్ని మాత్రమే తిప్పి పంపినా, ఆ కొద్దిపాటి ప్రతిబింబమే నల్లగుడ్డు మీద చిన్న కిటికీలా మెరుస్తుంది. నా దృష్టిలో ముఖానికి ప్రాణం పోసేది ఆ మెరుపే. అది లేని ఫోటోలో ఎంత చక్కటి నవ్వున్నా చూపు వాడిపోయినట్టు ఉంటుంది.

ఆరుబయట చెట్టునీడలో పచ్చిక ఆకుపచ్చను గడ్డం కిందికి విసురుతుంది, నీలాకాశపు వెలుగు చర్మాన్ని చల్లని రంగులోకి తిప్పుతుంది. కెమెరాలో రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను నీడకు మార్చుకుంటే నీలిఛాయ చాలావరకు సర్దుకుంటుంది, పచ్చదనానికి మాత్రం చోటు మారడమే మందు.

సెకనుకు రెండు మీటర్ల వేగంతో పరుగెత్తే బిడ్డ సెకనులో అరవయ్యో వంతులో మూడు సెంటీమీటర్లకు పైగా కదులుతుంది, ఐదువందలో వంతులోనైతే 4 మిల్లీమీటర్లే. ఇంటిలోపల అంత వేగంగా షట్టర్ తెరిచి మూస్తే చిత్రాన్ని పట్టే సెన్సర్‌కు అందే కాంతి తగ్గిపోతుంది. కాంతి ఫోటాన్లనే కణాల రూపంలో విడివిడిగా రాలుతుంది కనుక, చిత్రంలోని ఒక చుక్కలో సగటున 10,000 ఫోటాన్లు పడేచోట హెచ్చుతగ్గులు దాదాపు 100, అంటే ఒక శాతం. 100 మాత్రమే పడేచోట అవి 10, అంటే పది శాతం. చీకటి ఫోటోల్లో కనిపించే ఇసుకలాంటి గరుకుదనంలో చాలా భాగం ఇదే. తక్కువ కాంతిలో తీసిన చిత్రాన్ని ప్రకాశవంతం చేసే ఐఎస్‌ఓ పెంచడానికి జంకనవసరం లేదని నేను నమ్ముతాను, ఎందుకంటే గరుకుదనాన్ని కన్ను మన్నిస్తుంది, చెదిరిన చూపును మన్నించదు.

దూరం విషయంలో లెక్క సులువు. బిడ్డ ముక్కుకొన నుంచి చెవి వరకు లోతు పది సెంటీమీటర్లు అనుకుంటే, 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసిన ఫోటోలో చెవితో పోల్చినప్పుడు ముక్కు మూడోవంతు పెద్దదిగా పడుతుంది, రెండు మీటర్ల నుంచి ఆ తేడా ఐదు శాతమే. రెండు మీటర్లు వెనక్కి జరిగితే బిడ్డ కూడా మనల్ని మరిచిపోతుంది. పైగా పుట్టిన శిశువు పొడవులో తలే దాదాపు నాలుగోవంతు ఉంటుంది, పెద్దవాళ్లలో అది ఏడెనిమిదో వంతు. నిలబడి పైనుంచి తీస్తే ఆ తల ఇంకా పెద్దదై, కాళ్లు కుంచించుకుపోతాయి కనుక నేల మీద బోర్లా పడుకోవడానికైనా సిద్ధపడాలి.

కాబట్టి నేను ముందుగా బొమ్మలనో, రంగుపెన్సిళ్లనో కిటికీకి ఒక మీటరు దూరంలో పరిచి, ఎదురుగా నేల మీద కూర్చుంటాను. మొదట్లో బిడ్డ కెమెరా వైపు చూస్తూనే ఉంటుంది. అప్పుడు తీసిన ఫోటోలు దాదాపు అన్నీ వృథానే, అయినా ఒకటి రెండు తీసి చూపిస్తాను. చెయ్యి అడ్డం పెట్టుకుంటే కెమెరా దించేస్తాను. కాసేపటికి ఏదో గీత సరిగ్గా రాక, నాలుక కొన పెదవి మూలకు వచ్చి, కనుబొమలు దగ్గరపడి, కళ్లు కాగితం మీద నిలుస్తాయి. తెల్లకాగితం నుంచి తిరిగివచ్చిన వెలుగు గడ్డం కింద నీడను తేలిక చేస్తుంది, నేను షట్టర్ నొక్కుతాను.